తూము మూలన వంగిన గీత

సోమవారం. తూము: పొడి.

గడప ముందున్న తూములోకి రాత్రి ఎంత ఊట దిగిందో ప్రతి ఇంటివాళ్లూ పొద్దున్నే చిట్టాలో రాయాలని నీళ్ల ఆఫీసు నియమం. పొడి, తడి, పారింది. ఈ మూడింటిలో ఒక్క మాట చాలునట. పక్కన ఇంత ఖాళీ జాగా వదిలి ఒక్క మాటతో ఆగమనడం తర్కశాస్త్రంలో ఎమ్మే చేసినదాన్ని అవమానించడమే. అందుకని మిగతాది నేను నింపుతున్నాను. ఈ చిట్టా చదివే గుమాస్తా నాయనా, నీకు కావలసిన మాట పై వరసలోనే ఉంది. కిందిది కూడా చదివితే అది నీ ఖర్మ.

ఈ పొద్దు చేపల మెలిక వేశాను. సున్నపురాయిని తొలిచి వీధులు చేసుకున్న ఊరు కాబట్టి మా చలువూరులో కరువు లేని సరుకు రాతిపిండి ఒక్కటే. పైన భూమ్మీద ఉన్న రోజుల్లో ముగ్గుపిండి అమ్మేవాడి కేక కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం. ఇక్కడ వద్దన్నా ముక్కులోకి వస్తుంది. వాకిలంటూ లేదు. గడపకీ సొరంగ వీధికీ మధ్య రెండు మూరల బండ, ఆ బండకి కుడి మూలన తూము.

మెలికల ముగ్గులో గీత మూలచుక్కని చుట్టి రావాలి, నాలుగు మూలలా ఒకేలా. మా బండ మీద నాలుగో మూలచుక్క పడాల్సిన చోట తూము నోరు తెరుచుకుని ఉంటుంది. గాలి మీద ముగ్గు వేయలేం గదా. అందుకని అక్కడ మాత్రం గీత ఒక చుక్క ముందే లోపలికి వంగి వెనక్కి తిరుగుతుంది. మూడు మూలలు ముగ్గువి, ఒక మూల నీళ్ల ఆఫీసుది. ఈ ఇంట్లోకి దిగినప్పటినుంచీ నా చెయ్యి అట్లాగే తిరుగుతోంది.

ఆఖరి గీత మాత్రం నేను వేయను. ఆ మూల గీత నా మనవరాలు సుంకిది. మూడో తరగతి చదువుతోంది. గీత వేస్తేనే ఉగ్గాని, లేకుంటే ఖాళీ కడుపుతో బడికి. ఈ ఆచారం పెట్టింది నా కూతురు హైమ. పోయిన ఏడు ఒక పొద్దున వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, ఒక గీత సుంకికి వదలమ్మా, దానికీ నీ ముగ్గులు రావాలి గదా అంది. అప్పటినుంచి అప్పుడప్పుడు తనే అడుగుతుంది, నా చిన్నప్పుడు గొలుసు మెలిక వేసేదానివి, ఈ వారం అది వేయవా అని. నేను మరిచిపోయినవి కూడా గుర్తుచేస్తుంది. హైమ కొలతల ఆఫీసులో ప్రశ్నలు తయారుచేసే మనిషి. నవ్వాలన్నా ముందు అర్జీ పెట్టుకునే రకం. అట్లాంటిది నా ముగ్గులన్నీ మనసులో దాచుకుందంటే ఎక్కడో కరిగాను.

వచ్చే సోమవారం మూడో తరగతి పిల్లలందరికీ కొలత.

బుధవారం. తూము: పొడి.

కొలత దగ్గర పడిందంటే మా ఇంటికి పుట్టగొడుగులు రావడం మొదలవుతుంది. వీధిలో ఎవరి వరసలో ఏది పండినా ముందు మాకే. హైమ ఒక్కటీ ముట్టుకోదు, అన్నీ తిరిగి పంపించేస్తుంది. నేను మాత్రం పంపే ముందు మూత తీసి వాసన చూస్తాను. దానికి నియమం లేదు.

ఎదురింటి మాబున్ని కూడా ఒక గిన్నె పట్టుకొచ్చింది. వేడిగాలి గొట్టం దగ్గర ఊరందరి బట్టలూ ఆరేసే పని ఆమెది. తల్లీతండ్రీ లేని మనవరాలు రేష్మాని సాకుతోంది. ఆ పిల్లా మా సుంకీ ఒకే తరగతి.

"కొలత అంటే ఏందక్కా, సరిగ్గా చెప్పు," అంది. "బడిలో ఏడాదంతా మార్కులు ఏస్తారు గదా, మల్లా అదెందుకు?"

చెప్పాను. మార్కులు నేర్చుకున్నదానికి, కొలత పుట్టుకతో వచ్చినదానికి. తలకి పట్టీ కట్టి, పలక మీద ఇంతవరకూ ఏ బిడ్డా చూడని బొమ్మలు చూపించి, తర్వాత ఏది వస్తుందో గీయమంటారు. రెండు అంకెలూ పక్కపక్కన పెడతారు. కొలత ఎక్కువ, మార్కులు తక్కువ వస్తే దాని పేరు బద్ధకం. ఆ బిడ్డని పై అంతస్తులో అద్దాల బడికి పంపుతారు, అక్కడ ఎండ అద్దాల మీదుగా గదుల్లోకి దిగుతుంది. మార్కులు ఎక్కువ, కొలత తక్కువ వస్తే దాని పేరు రుద్దుడు. ఇంట్లోవాళ్లు పిల్లని బలవంతంగా రుద్దారని అర్థం. ఆ బిడ్డని లిఫ్టులో కిందికి, పంపుల బడికి దింపుతారు. అక్కడే తిండి, అక్కడే పడక. రెండంకెలూ సమానంగా వచ్చిన బిడ్డ గురించి ఏ నియమమూ లేదు. అట్లాంటి బిడ్డ ఇంకా పుట్టలేదు కాబోలు.

"ప్రశ్నలు ముందే తెలిసిపోతే?"

దానికీ ఉంది. ఆఫీసు బయటివాళ్లు ఎవరైనా చెప్పి ఉంటే బిడ్డ తప్పు లేదని మళ్లీ కొలత పెడతారు, చెప్పినవాళ్లని కిందికి పంపుతారు. ఆఫీసు మనిషే చెప్పి ఉంటే ఆ మనిషి బిడ్డకి జన్మలో మళ్లీ కొలత లేదు. అందుకే మా హైమ ఇంట్లో కొలత అన్న మాటే ఎత్తదని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

రేష్మా బడికి పోతూ సుంకి కోసం వచ్చి గడప ముందు నిలబడింది. కాళ్లు ముగ్గుకి తగలకుండా పక్కగా నిలబడే పిల్ల ఈ వీధిలో అదొక్కతే.

"అవ్వా, ఆ మూల అట్లా ఎందుకు వంగింది?"

"తూము ఉంది కాబట్టి."

"తూము లేకపోతే?"

"లేకపోతే మిగతా మూడింటి లాగే."

అట్లయితే సరే అని తల ఊపింది, నాకు పాసు మార్కులు వేసినట్టు. సుంకి ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు. దానికి ముగ్గంటే ఉగ్గానికి ముందు వచ్చే పని.

సోమవారం. తూము: పొడి.

కొలత అయింది. సుంకి నుదుటి మీద పట్టీ గుర్తు ఎర్రగా పడింది, దగ్గు కూడా మళ్లీ మొదలైంది. బాగా చేశావా అంటే ఊఁ అంది. ఏం వచ్చాయే అంటే, అమ్మ చెప్పొద్దంది అంది. నియమం అదే కాబట్టి నేనూ పొడిగించలేదు. చెనిక్కాయ ఉండ ఒకటి ఇచ్చాను. రెండోది అడగలేదు. అది అడగకపోవడం ఈ చిట్టాలో రాయదగ్గ వింత.

హైమ మాత్రం పాట పాడుకుంటూ బట్టలు మడిచింది.

గురువారం. తూము: పొడి.

అంకెలు వచ్చాయి. వీధి మొత్తానికి సుంకి కొలత పైన ఉంది. మార్కులు ఎప్పటిలాగే నడుమ. కాబట్టి నా మనవరాలు బద్ధకస్తురాలు, అద్దాల బడికి అర్హురాలు. అల్లుడు నాగేంద్ర పైన ఎండపలకలు తుడిచే పనిలో ఉంటాడు, ఫోనులో వాడి ఆనందం వినలేక సుంకి చెవులు మూసుకుంది.

రేష్మాకి మార్కులు తరగతిలో అందరికంటే ఎక్కువ. కొలత దానికంటే బాగా కింద. రుద్దుడు కేసు. వచ్చే ఆదివారం లిఫ్టులో కిందికి. తన పేరు రాయాలంటే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకునే మాబున్ని, ఆ మనవరాలిని రుద్దిందట. ఆ సంగతి మాబున్నికి చదివి వినిపించింది కూడా రేష్మానే.

సాయంత్రం ఆ పిల్ల మా గడప దగ్గరికొచ్చి పొద్దుటి ముగ్గుని చూస్తూ నిలబడింది. ఏడవలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్న మొహం.

"అవ్వా, నువ్వు అబద్ధం చెప్పినావా?"

"ఏమి అబద్ధం?"

"తూము లేకపోతే మిగతా మూడింటి లాగే అన్నావు గదా. పలకలో తూము లేదు. నేను నాలుగూ ఒకటే మాదిరి గీసినా. తప్పు అని వచ్చింది. అట్లాంటివి చానా వచ్చినాయి, అన్నీ తప్పే."

నాకు మొదట అర్థం కాలేదు. పలకలో ఏ ముగ్గు వచ్చిందే అని అడిగాను. వేలితో గాలిలో గీసి చూపించింది. చేపల మెలిక. తర్వాత గొలుసు మెలిక. తర్వాత, మా అమ్మ నాకు నేర్పగా నేను సగం మరిచిపోయి, పోయిన నెల హైమ గుర్తుచేస్తే వేసిన తాబేలు మెలిక.

"నీవే అని చూడంగానే తెలిసింది," అంది. "సుంకి కూడా గుర్తుపట్టింది. అది మూల వంచేసింది. దానికి రైటు వచ్చింది."

పిల్లని లోపలికి పిలిచి ఏదైనా పెట్టాలి. ఆ మాత్రం తోచలేదు. ఇంటికి పో తల్లీ, నువ్వు చేసింది తప్పు కాదు అని మాత్రం చెప్పాను.

శుక్రవారం. తూము: పొడి.

మధ్యాహ్నం హైమ తిండికి వచ్చింది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. సుంకి బడిలో ఉంది.

"ముగ్గులు నావి," అన్నాను.

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగలేదు. "ఏ ముగ్గులు?"

"కొలతలో పిల్లలకి పెట్టినవి."

అప్పుడు ఆగింది. బుకాయిస్తుందనుకున్నాను. ఆఫీసు మనుషులకి దాని అవసరం కూడా రాదని తెలిసింది. నెమ్మదిగా, కొత్త గుమాస్తాకి పని నేర్పినట్టు చెప్పింది. ప్రశ్నలో పెట్టే బొమ్మ ఊళ్లో ఎక్కడా ఉండకూడదట. మెషీను పుస్తకాలన్నీ, పలకలన్నీ వెతికి పోల్చి చూస్తుందట. నా ముగ్గులు ఎక్కడా లేవు. పొద్దున పుట్టి సాయంత్రానికి కాళ్ల కింద పోతాయి.

"సుంకి చూసింది గదా."

పచ్చడిలో వేలు ముంచి తీసింది. "చూడాలనే."

పోయిన ఏడు నా పక్కన గొంతుక్కూర్చున్నది ఇందుకేనా అని అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడగడం పరీక్షలు పెట్టేవాళ్ల పని. ఏడాది పొడుగునా ప్రతి పొద్దున నడుము వంచి, నా కూతురికి నా మీద మమకారం కలిగిందని మురిసిపోతూ, ఆమెకి కావలసిన పాఠం బండ మీద వేసి పెట్టాను. జీతం లేని ట్యూషను మాస్టరుని. ట్యూషను చెబుతున్నానని నాకే తెలియదు.

"కింద గాలి ఎంత తడో నీకు తెలుసా అమ్మా? దాని దగ్గు చూస్తున్నావు గదా. మామూలుగా కొలిస్తే అది పైకి పోదు. నాకు తెలుసు, దాన్ని నేనే ఇంట్లో కొలిచాను."

"రేష్మాకి ఊపిరితిత్తులు ఇనుముతో పోశారా?"

"రేష్మా నా బిడ్డ కాదు."

తర్కంతో ఇక్కడ పని లేదు. అందుకని చెయ్యి పట్టుకుని గడప దగ్గరికి తీసుకుపోయాను. నా ముగ్గులు దొంగిలించావు, సరే, దొంగిలించేటప్పుడు తూము కూడా ఎత్తుకుపోయావు, చూడు అన్నాను. మొదట ఆమెకి అర్థం కాలేదు. మూడు మూలలూ చూపించి, నాలుగో మూల చూపించి, తూము మీద కాలి బొటనవేలు పెట్టాను. హైమ గొంతుక్కూర్చుని ఆ వంగిన గీతని వేలితో తడిమింది. పాకే వయసు నుంచీ ఈ బండ మీదే పెరిగింది. ఆమెకి ముగ్గంటే మూడు మూలలు చుట్టి నాలుగో దగ్గర వంగేది.

"అదంతే అనుకున్నాను," అంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊళ్లో పిల్లలందరూ ఆ మూలని సరిగ్గా చుట్టారు. అందరికీ తప్పు వచ్చింది. ఇంతమంది తప్పిన ప్రశ్న అంటే మహా కష్టమైన ప్రశ్న అయి ఉంటుందని మెషీను వాటికి అన్నిటికంటే ఎక్కువ బరువు వేసింది. మొత్తానికి ఒక ఊరి పిల్లల తెలివిని మా ఇంటి తూముతో కొలిచారు.

"ఎవరికీ చెప్పకమ్మా."

సోమవారం హెడ్మాస్టరు మద్దిలేటి సారుని ఈ గడప దగ్గరికి పిలుస్తానని చెప్పాను. ఈలోగా నువ్వే పోయి చెబితే నేను నోరు మూసుకుంటానన్నాను. తప్పు దిద్దుకోవడానికి కూతురికి వ్యవధి ఇచ్చాననుకున్నాను.

శనివారం. తూము:

పై వరసలో ఏం రాయాలో తెలియక వదిలేశాను. గుమాస్తా నాయనా, అది నువ్వే నింపుకో.

పుట్టగొడుగుల వరసలకి నీళ్లు కొట్టి తిరిగొచ్చేసరికి గడప ముందు ఒక కుర్చీ అడ్డం పెట్టి ఉంది. తూము లేదు. దాని చోట నున్నటి సిమెంటు, ఇంకా తడిగా. తాపీ కడుక్కుంటున్న మనిషిని ఎవరు చెప్పారయ్యా అంటే, ఇంటి యజమాని అర్జీ పెట్టిందమ్మా అన్నాడు. వరసగా పొడి అని ఉంటే తూము మూయించుకోవచ్చునట. చిట్టా చూశారట. అన్నీ పొడే.

"ఇంత ఓపిగ్గా ఎవరు రాసినారో గానీ, ఒక్క రోజు కూడా తప్పలేదమ్మా," అని మెచ్చుకున్నాడు.

నా ముగ్గుతో మనవరాలికి పాఠం, నా చిట్టాతో తూముకి సిమెంటు. నా కూతురు నాలో ఏదీ వృథా పోనివ్వలేదు.

సాయంత్రం హైమ ఎదురుపడింది. నాకు మజ్జిగ కలిపి ఇచ్చింది, నాకు నచ్చినట్టే, అల్లం దంచి. తాగాను. అల్లం చేసిన నేరం ఏముంది?

సోమవారం. తూము: లేదు.

మద్దిలేటి సారు వచ్చారు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పే అలవాటు ఆయనకి, పాఠాలు చెప్పీ చెప్పీ వచ్చింది. చెడ్డవాడు కాదు. కొలతల ఆఫీసంటే భయం, అంతే. తన బడి పిల్లలతో ఆదివారం దిగాల్సిన లిఫ్టుని నా మాట మీద ఒక్క రోజు ఆపించారు. ఆ ధైర్యం చేసినందుకు చెమటలు పోస్తున్నాయి. హైమ ఆఫీసుకి పోకుండా గుమ్మంలో నిలబడింది. ఎదురుగా మాబున్ని, ఆమె వెనక మూట కట్టుకుని రేష్మా.

తూము సంగతి చెప్పాను. ఆయన బండ చూశారు, సిమెంటు చూశారు, నన్ను చూశారు. ముగ్గు వేయండమ్మా, వేయండి అన్నారు. వంగి వేశాను. నాలుగో మూలకి వచ్చేసరికి, నా మీద ఒట్టు, నా చెయ్యి దానంతటది లోపలికి తిరిగింది. ఇన్నేళ్ల అలవాటుకి సిమెంటు కనపడదు.

ఆయన తన పలక తీసి జవాబు బొమ్మని పక్కన పెట్టుకుని చూశారు. "రెండూ ఒకటే కదమ్మా. ఒకటే. తూము లేనిచోట కూడా మీరు ఇట్లాగే వేస్తున్నారు. అంటే ముగ్గు ఇదే. జవాబు సరిగ్గానే ఉంది."

హైమ ఊపిరి వదలడం నాకు వినపడింది. రేష్మా మూటని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. అది చూశాక ఓడిపోయి లోపలికి పోవడం నాకు కుదరలేదు.

ఆ గీతని కాలితో చెరిపేశాను. "సుంకీ, రావే. నీ గీత మిగిలింది."

లోపల దగ్గుతూ కూర్చున్న పిల్ల వచ్చింది. పిడికిట్లో పిండి తీసుకుంది. మూలకి పోయి, వంగబోయి, ఆగింది. కాలి వేళ్లతో సిమెంటుని తడిమింది.

"తూము యాడుంది అవ్వా?"

"మూసేశారు."

నావంక చూసింది, బండవంక చూసింది. తర్వాత కూర్చుని, లేని తూము మీద ఒక చుక్క పెట్టి, గీతని ఆ చుక్క చుట్టూ తిప్పి తెచ్చి కలిపింది. నాలుగు మూలలూ ఒకేలా నిలబడ్డాయి. ఆ బండ మీద అట్లాంటి ముగ్గు నేనెప్పుడూ చూడలేదు.

మద్దిలేటి సారు పక్కన కూర్చున్నారు. కొలతలో లోపలికి వంచావు కదమ్మా, వంచావు కదా అని మెల్లగా అడిగారు.

"అప్పుడు తూము ఉండె," అంది సుంకి. "ఇప్పుడు లేదు గదా."

"ఈ ముగ్గు నీకు ముందే తెలుసా?"

"రోజూ ఏస్తాం. అవ్వ ఒక గీత వదుల్తాది."

ఆయన లేచారు. రెండుసార్లు చెప్పే మనిషి ఈసారి ఒక్కసారే చెప్పారు. జవాబు తప్పు, ఆ ప్రశ్నలు కొట్టేయాలి, ఊరి పిల్లలందరి అంకెలూ మళ్లీ లెక్కకట్టాలి. రేష్మా మూట దించేయొచ్చు. మాబున్ని ఆ పిల్లని గట్టిగా పట్టుకుంది, మూట ఇద్దరి మధ్యా నలిగింది.

అప్పుడాయన నేను భయపడుతున్న ప్రశ్న వేశారు. ఈ గడప మీది ముగ్గులు ఆఫీసు పలకలోకి ఎట్లా పోయాయి? పలకలోవి ఈ గడప మీదికి ఎట్లా వచ్చాయి? ముందు ఏది, వెనక ఏది?

హైమ నా వైపు చూడలేదు. సిమెంటు వైపు చూస్తూ చెప్పింది.

"మా అమ్మ నా పలక చూసి ఉంటుంది సార్. పొద్దున్నే లేస్తుంది. చూసి, దానికి నేర్పి ఉంటుంది. నేను గమనించుకోలేదు."

వీధంతా విన్నది. పదాలు ఒకదాని వెనక ఒకటి వరసగా, వణుకు లేకుండా వచ్చాయి. ముందే తయారుచేసి పెట్టుకున్న ప్రశ్నలాగా.

సుంకి చెయ్యి ఎత్తింది, బడిలో ఎత్తినట్టు. "కాదు సార్, అమ్మే గదా అవ్వని..."

దాని తల మీద చెయ్యి పెట్టాను. ఆఫీసు మనిషి తప్పు చేస్తే ఆ మనిషి బిడ్డకి జన్మలో కొలత లేదు. ఇంట్లో ముసలిది చేస్తే బిడ్డకి మళ్లీ కొలత ఉంటుంది. ఈ లెక్క హైమకి నాకంటే ముందే తెలుసు. నేను ఏమంటానో కూడా తెలుసు. తూము మూయించినందుకు కాదు, ముగ్గులు ఎత్తుకుపోయినందుకు కూడా కాదు. నా ప్రేమని ఇంత సరిగ్గా కొలిచి, ఆ అంకె మీద నమ్మకంతో నిలబడి మాట్లాడినందుకు నాకు కళ్లు తిరిగాయి.

"చూశాననే రాసుకోండి సారూ," అన్నాను.

ఆయన నమ్మలేదు. రాసుకున్నారు.

"ఓబులక్కా, నీ కంటికి ఆ పలక అక్షరాలు ఆనవు గదా," అని మాబున్ని అడిగింది, అందరికీ వినపడేటట్టు. సారు పలక చంకలో పెట్టుకున్నారు. నేను సుంకిని లోపలికి తీసుకుపోయాను.

శుక్రవారం. తూము: పారింది.

నేను ఇక్కడికి దిగి నెల దాటింది. ఇది కొత్త చిట్టా. పంపుల బడి వంటగది తూముది. గుమాస్తా నాయనా, ఇక్కడ కూడా నువ్వే చదువుతావట. నీకు నా పీడ విరగడ కాలేదు.

ఇక్కడ పొడి అనే మాట రాసే అవకాశమే లేదు. నేల మీద, గోడల మీద, గిన్నెల కింద కూడా నీళ్లు పారుతూనే ఉంటాయి. పిల్లలకి సంకటి గెలకడం నా శిక్ష. శిక్ష పిల్లలకా నాకా అన్నది వాళ్లు ఇంకా తేల్చుకోలేదు. అంకెలు మళ్లీ లెక్కకట్టాక ఇక్కడినుంచి కొంతమంది పిల్లలు పైకి పోయారు, పైనుంచి కొంతమంది దిగారు. దిగినవాళ్లు ఎక్కినవాళ్లలాగే ఉన్నారు.

వంటగది ముందు బండకి ఒక మూల కాదు, మూడు మూలలా తూములే. ముగ్గు వేసి ఒక గీత వదిలిపెడుతున్నాను. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క రకంగా తిప్పుకుపోతుంది. ఒకతి నిన్న తూముని కూడా చుక్కలాగే చుట్టేసింది. ఏది రైటు అని ఎవరూ అడగలేదు. సంకటి మాత్రం అందరికీ పెట్టాను.

హైమ ఒక్కసారి కూడా దిగలేదు. అల్లం మాత్రం ఎవరి చేతో పంపుతుంది. చీటీ ఉండదు. నేను వాడుతున్నాను, వాడానని కబురు చేయడం లేదు.

ఆరిన బట్టల మూటలతో మాబున్ని లిఫ్టులో దిగినప్పుడు పై కబుర్లు తెస్తుంది. ఈ పొద్దు కూడా వచ్చింది. రేష్మా అద్దాల బడిలో ఎండకి కళ్లు నులుముకుంటూ కూర్చుంటోందట. సుంకికి వచ్చే ఏడు మళ్లీ కొలత. దగ్గు తగ్గలేదు. మా గడప ముందు ఇప్పుడు హైమే ముగ్గు వేస్తోందట. ఎవరూ అడగకుండానే, పొద్దున్నే లేచి.

"నీ మాదిరే ఏస్తుందక్కా. అచ్చం నీ చెయ్యే," అంది మాబున్ని. "తూము లేకపోయినా ఆ మూలకొచ్చేసరికి గీత లోపలికే వంగుతాది."

"సుంకి ఏమంటుంది?"

"ఏమీ అనదు. బడికి పోయేటప్పుడు ఆ గీత కాలితో చెరిపేసి, మూలదాకా తిప్పేసి పోతుంది. మీ హైమ గుమ్మంలో నిలబడి చూస్తా ఉంటాది. రోజూ ఇదే."